మూడో అంతస్తులో మౌనవ్రతం

బీట్ బజార్‌లో వెంకటరాజం కారం దుకాణం ఎక్కడని అడిగితే బోర్డు గుర్తు చెప్పేవాళ్లు తక్కువ. "గట్ల సీదా పో, ఓ ఆడామె గొంతు వినవడ్తది, ఆడ ఆగు" అనేవాళ్లే ఎక్కువ. ఆ గొంతు వెంకటరాజం భార్య కళావతమ్మది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మామగారు ఒక మధ్యాహ్నం అన్నానికి లేస్తూ "జర గల్లా మీద కూసో బిడ్డా" అన్నాడు. అంతే. మామగారు పోయాడు, అత్తగారు పోయింది, ఆమె జుట్టు నెరిసింది, ఆ గల్లా మాత్రం ఆమెను వదల్లేదు. పొద్దెక్కాక మెట్లు దిగి వచ్చి కూర్చునేది. భర్త అన్నం తిని, ఓ కునుకు తీసి వచ్చేదాకా దుకాణం ఆమెది. బేరాలు అక్కడే, పెళ్లి సంబంధాలు అక్కడే, ఎవరింట్లో ఎవరికి పొసగడం లేదో తేలేదీ అక్కడే. ఒక్క మాట అంటే నాలుగు మాటలు వడ్డించే మనిషి.

అలాంటి కళావతమ్మ కార్తీక సోమవారం నాడు మౌనవ్రతం పట్టిందంటే బజారు సగం నవ్వింది, మిగతా సగం నమ్మలేదు. నమ్మనివాళ్లదే నిజం. కానీ అసలు సంగతేమిటో వాళ్లకూ తెలియదు.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. ముందు భాగం దుకాణం, వెనక గిర్ని. కారం, పసుపు పట్టే ఆ గిర్ని వెంకటరాజం తాత పెట్టింది. దాని మెయిన్ స్విచ్ గల్లా పక్క గోడకే ఉంటుంది. మొదటి అంతస్తు మిర్చి గోదాము. రెండో అంతస్తులో సంసారం. ఆ పైన డాబా, పూజగది, దాని పక్కన పాత సామాన్ల గది. వీటన్నిటికీ కలిపి ఒకటే మెట్ల వరుస, ఇరుకుది, నిటారుది, కిటికీ లేనిది. కింద గిర్ని తిరిగిందంటే ఆ ఘాటు పొగగొట్టంలోంచి పోయినట్టు ఆ మెట్ల మీదుగా పైకి ఎక్కేది. కొత్తవాళ్లు తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లు. ఇంటివాళ్లకు అది ఇంటి వాసన.

వెంకటరాజానిది ఇంకో పిచ్చి. మధ్యాహ్నం అన్నానికి పోతూ దారిలో గోదాము దగ్గర ఆగుతాడు. "బస్తాలు చూస్తాన్న!" అని మెట్ల మీది నుంచే కేక. ఆయన మిర్చి బస్తాలు తడిమి తడిమి చూసుకునేసరికి పైన కోడలు వడ్డించిన అన్నం చల్లారుతుంది. గల్లా మీద కూర్చున్న కళావతమ్మ ఆ కేక విని తల కొట్టుకునేది. "ఆ బస్తాలేమన్న లేచి బజార్ల వడి పోతయా? రోజు అదే తమాషా!" అని కొనడానికి వచ్చినవాళ్లతో చెప్పి నవ్వించేది.

ఇక ఆమె సంగతి. రెండు మూడేళ్లుగా మెట్లు ఆమెకు కొండలయ్యాయి. దిగడం ఫరవాలేదు, ఎక్కేటప్పుడే గోదాము దాకా వచ్చేసరికి ఊపిరి అందేది కాదు. గాలి లోపలికి పోతుంది గానీ బయటికి రాదు, ఛాతీ నిండా పాత గాలే పేరుకుపోయినట్టు ఉండేది. అడిగినవాళ్లకు మోకాళ్లని చెప్పేది. మోకాళ్ల నొప్పి మర్యాదస్తుల జబ్బు. దానికి తైలాలున్నాయి, సానుభూతి ఉంది. దమ్ము అట్లా కాదు.

దమ్ము అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆమె కళ్లారా చూసింది. అత్తగారికి దమ్ము లేచిందని తెలిసిన రోజున ఇంటిల్లిపాదీ ఎంత ప్రేమ కురిపించారో! "నువ్వు దిగకు అమ్మా, నీకేం కావాలన్నా పైకే తెస్తం." మంచం దగ్గరికే అన్నం, మంచం దగ్గరికే చాయ. మంచి మనసుతోనే. ఆ ముసలమ్మ మళ్లీ బజారు మొహం చూడలేదు. పండగకు కూడా దింపలేదు. కిటికీ ఊచలు పట్టుకుని కింద పోయేవాళ్లను పేరు పెట్టి పిలిచేది, ఎవరికీ వినపడేది కాదు. చివరికి నలుగురు మోసి దింపారు. ఆ అన్నం పళ్లెం మోసింది కళావతమ్మే. అందుకే ఆమెకు చావంటే అంత భయం లేదు, ఆ మంచమంటే భయం. గల్లా పోయిందంటే తన గొంతు పోయినట్టే, తను పోయినట్టే. తెలియనివ్వకూడదు, అంతే. అదీ ఆమె పట్టు.

ఆ సోమవారం గల్లా దిగి పైకి పోతోంది. గోదాము దగ్గర గోడ పట్టుకుని ఆగింది. వెనకే కోడలు మానస కూరగాయల సంచీతో వచ్చి "ఏందత్తమ్మా, ఇట్ల నిలవడ్డరు?" అని అడిగింది. జవాబు చెబుదామంటే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. పిల్ల కళ్లు అప్పుడే అనుమానంతో చిన్నవవుతున్నాయి. కళావతమ్మకు ఏం తోచిందో, ఒక చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి పైకెత్తి పూజగది వైపు చూపించి, వేలు పెదాల మీద ఆనించింది.

మానస మొహం విప్పారింది. "అయ్యో, సోమవారమని మౌనం పట్టిండ్రా? నాతోని జర ముందుగాల చెప్తే కాదా, అత్తమ్మా? పొద్దున ఉప్మాల ఉల్లిగడ్డ కూడ ఏసి పెట్టిన!"

కళావతమ్మ తల ఊపింది. అబద్ధం దానంతట అదే పుట్టింది, ఆమె వద్దనలేదు. మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. వ్రతంలో ఉన్న మనిషి మెల్లగా నడిస్తే ఎవరేమంటారు? మాట్లాడకపోతే ఎవరేమంటారు? పైకి చేరి మంచం మీద కూలబడ్డాక ఎంత సుఖమనిపించిందో చెప్పలేం. ఇన్నేళ్ల మాటల మనిషికి మాట్లాడకుండా ఉండడం ఇంత హాయిగా ఉంటుందని తెలియనే తెలియదు.

సోమవారం కాస్తా గురువారం అయింది, శనివారం అయింది. వెంకటరాజానికైతే పండగే. "ఇన్నేండ్లకు ఇంట్ల నేనొక్కన్నే మాట్లాడుతాన్న. శివుడు నా మొర విన్నడు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండింది. మండినా నోరు విప్పడానికి లేదు. మాటకు మాట అప్పజెప్పే అవకాశం పోవడమే ఆమెకు మొదటి శిక్ష.

రెండో శిక్ష కొడుకు శ్రీకాంత్ పెట్టాడు. "అమ్మా, కింద టీవీ, ఫోన్లు, లొల్లి. వ్రతంల ఉన్నోళ్లకు అడ్డమే కదా. పూజగది పక్క రూమ్ ఖాళీ చేయించిన. పౌర్ణమి దాక పైననే ఉండు. ఎక్కుడు దిగుడు బాధ లేదు." ఎంత ముద్దుగా చెప్పాడని! పాత సామాన్లు తీసేయించి, సున్నం కొట్టించి, కొత్త చాప వేయించాడు. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపింది. మానస ఆ చేతులు పట్టుకుని "మాకు కష్టమేం లేదు, అత్తమ్మా, మీరు ఫికర్ చేయకుండ్రి" అంది. వద్దు అన్న ఒక్క మాట అంటే వ్రతం పోతుంది. వ్రతం పోతే దమ్ము బయటపడుతుంది. ఏం చేస్తుంది? ఎక్కింది. మూడో అంతస్తుకు ఎక్కాక, దిగితే మళ్లీ ఎక్కలేనని ఆమెకు అర్థమైంది.

ఆ మర్నాడు మానస గల్లా మీద కూర్చుంది.

కళావతమ్మ డాబా పిట్టగోడ మీది నుంచి వంగి చూసింది. దుకాణం రేకుల కప్పు అడ్డం, కోడలి చెయ్యి మాత్రం కనపడుతోంది, గాజులతో సహా. ఎవరో ముసలాయన మిర్చి మూట దించి ఏదో అడుగుతున్నాడు. "రంగు తక్కువున్నది, దేశి మిర్చి తక్కువ కలిపిండ్రు" అని ఆమెకు పై నుంచే తెలిసిపోయింది. చెబుదామని నోరు తెరిచి మూసుకుంది. మానస తప్పు ధర చెప్పిందా ఒప్పు ధర చెప్పిందా అన్నది కాదు, ఆ కుర్చీలోంచి ఇంకొకరి నవ్వు వినపడేసరికి ఆమె పిట్టగోడ వదిలి వచ్చేసింది. తను కట్టుకున్న గోడే తన ముందు లేస్తోంది. ఆ రాత్రి అత్తగారి ఊచల కిటికీ గుర్తొచ్చి ఏడ్చింది. ఏడ్చినా ఆయాసమే.

అదీ కొత్త సంగతే. ఇదివరకు మెట్ల మీదే వచ్చే ఆయాసం ఇప్పుడు తల దువ్వుకుంటే వస్తోంది, చీర కుచ్చిళ్లు పోసుకుంటే వస్తోంది. కూర్చుని కూర్చుని కాళ్లలో సత్తువ పోయింది. ఎక్కడానికే కాదు, బాత్రూం దాకా నడవడానికీ గోడ సాయం కావాలి. ఇంట్లోవాళ్లు దాన్ని ఉపవాసాల నీరసం అనుకున్నారు. ఆమె గుండెల మీద చెయ్యి పెట్టి, ఇంకో చెయ్యి పైకెత్తితే "ఆగండి, ఊపిరి రావడం లేదు" అని అర్థం. ఇంట్లోవాళ్లకు మాత్రం "గుండెల్లో శివుడున్నాడు, అంతా పైవాడే చూసుకుంటాడు" అని. మానస ఆ సైగను అందరికీ నేర్పింది. శ్రీకాంత్ కూడా వచ్చినప్పుడల్లా అట్లాగే చెయ్యి గుండెల మీద పెట్టి దండం పెట్టి పోయేవాడు.

ఎదుటి బట్టల దుకాణం విమలమ్మకు ఈ సంగతి తెలిసింది. తెలిశాక ఇక ఆగుతుందా? విమలమ్మ మంచిదే, కానీ భక్తిలో కొలత తెలియని మనిషి. మొదటి రోజు ఒక్కతే వచ్చి కాళ్లు మొక్కింది. రెండో రోజు మరదలిని వెంటేసుకుని వచ్చింది. తర్వాత వీధి ఆడవాళ్లంతా సాయంత్రం కాగానే మెట్లెక్కడం మొదలుపెట్టారు. చకచకా ఎక్కేవాళ్లు, ఆ చప్పుడు వింటేనే కళావతమ్మకు అసూయ. వచ్చినవాళ్లు ఊరికే వస్తారా? అగరొత్తులు, హారతి కర్పూరం, నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి. "ఎంత కళ వచ్చిందే మొఖంల!" అని విమలమ్మ మురిసిపోయేది. ఆ కళ సరిగా గాలి అందని మనిషి మొహంలోని ఉబ్బు. పొగకు కళ్లలో నీళ్లు కారితే ఆనందబాష్పాలన్నారు. దగ్గు ఆపుకోవడానికి ఒళ్లు బిగిస్తే ధ్యానమన్నారు. ఇంతలా ఆదరిస్తున్నవాళ్ల మీద కోపం తెచ్చుకోలేక, వాళ్లను పంపలేక, ఆమె పూజగదిలో బొమ్మలా కూర్చుంది. పౌర్ణమి దాటితే వ్రతం అయిపోయిందనవచ్చు, అప్పుడు మెల్లగా దిగి, గల్లా మీద కూర్చుని, ఎట్లాగో నెట్టుకొద్దాం అనుకుంది. ఆ ఒక్క ఆశ మీద రోజులు ఈడ్చింది.

పౌర్ణమి వచ్చింది. మూడువందల అరవై ఐదు వత్తుల దీపం కళావతమ్మ చేతనే వెలిగించాలని విమలమ్మ పట్టు. పొద్దు గూకే వేళకు పూజగది ఆడవాళ్లతో నిండింది. డాబా మీద చలిగాలి తిరుగుతోంది, దీపం ఆరుతుందని ఒకామె తలుపు బిగించింది, ఇంకొకామె కిటికీ రెక్కలు మూసి గుడ్డ కుక్కింది. నేతిలో నానిన వత్తులు ఒక్కసారే అంటుకుని మంట జానెడు లేచింది. విమలమ్మ మట్టి మూకుడులో నిప్పులు పెట్టి దోసెడు సాంబ్రాణి వేసింది. సరిగ్గా అప్పుడే కింద గిర్ని ఆడించే కట్టయ్య పెళ్లివాళ్ల కారం పట్టడం మొదలుపెట్టాడు. తలుపు కింద సందులోంచి ఆ ఘాటు కూడా వచ్చి పొగలో కలిసింది.

వచ్చినవాళ్లు కొంగులు ముక్కులకు పెట్టుకుని దగ్గారు. కళావతమ్మ దగ్గలేకపోయింది. దగ్గడానికి కూడా గాలి కావాలి. ఛాతీకి ఎవరో నులక తాడు చుట్టి బిగిస్తున్నట్టయింది. ఒక చెయ్యి గుండెల మీద వేసుకుంది, ఇంకో చెయ్యి పైకెత్తింది. అందరూ దండం పెట్టారు. ఆ చేత్తోనే తలుపు చూపించింది, తల అటూ ఇటూ ఆడించింది. కొప్పు ఊడి జుట్టు భుజాల మీద పడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వస్తోంది.

"శిగమొచ్చిందే!" అని విమలమ్మ కేక పెట్టింది. "ఐనవోలు జాతరల అచ్చం గిట్లనే జూసిన! తల్లి వచ్చింది, దండం పెట్టుండ్రి!"

ఒకామె పసుపు నీళ్లు చల్లింది. ఒకామె ఇంకో గుప్పెడు సాంబ్రాణి విసిరింది. విమలమ్మ సాష్టాంగపడి "తల్లీ, మా కొడుకు మధుకు ఈ మాఘంలనన్న పెండ్లి అయితదా? ఊ అను తల్లీ!" అని కాళ్లు పట్టేసుకుంది. గట్టిగా పట్టుకుంది. లేచి తలుపు దాకా పోదామనుకున్న కళావతమ్మ ఆ చేతుల మధ్య ఇరుక్కుపోయింది.

నీ మధు పెండ్లి మండ! అని అరవాలని ఉంది. నాకు గాలి లేదే, నాకు దమ్మే, ఇన్ని రోజులూ దాచిన, తలుపు తియ్యండే అని చెప్పాలని ఉంది. నాలుగు మాటలు వడ్డించే నోటికి ఒక్క మాట పుట్టలేదు. తను చెప్పిన అబద్ధమే ఆ గది తలుపు. అది లోపలి నుంచి గడియ వేసుకుని ఉంది. కళ్ల ముందు దీపం రెండయింది, మూడయింది. చచ్చిపోతున్నానని తెలిసింది. ఇంతమంది మధ్య, ఇంత భక్తి మధ్య చచ్చిపోతున్నానని తెలిసి ఆమెకు భయం కన్నా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కోపమే ఆమెను బతికించింది. పక్కనే పూజలో కలశం ఉంది. రెండు చేతులా ఎత్తి, నీళ్లన్నీ సాంబ్రాణి నిప్పుల మీదా, వెలుగుతున్న దీపం మీదా కుమ్మరించింది. చుయ్యిమంటూ బూడిద లేచింది, నేతి మంట ఒక్కసారి ఎగసిపడి ఆరిపోయింది. గది చీకటైంది.

"అయ్యయ్యో, అపచారం!" అని ఆడవాళ్లు కకావికలై తలుపు తీసుకుని బయటికి పరుగెత్తారు. చలిగాలి దూసుకొచ్చింది. ఆ కేకలకు మానస పైకి వచ్చింది. ఫోన్ లైట్ వేసి చూస్తే అత్తగారు గడప మీద బోర్లా పడి ఉంది, పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. మానస ఆమె తల ఒళ్లో పెట్టుకుని "శిగం కాదు, ఏం కాదు! ఊపిరి ఆడ్తలేదు! ఏయ్, బండి పిలువుండ్రి!" అని గొంతు చించుకుంది. కళావతమ్మ వేళ్లు ఆమె చెంగును గట్టిగా పట్టుకున్నాయి.

హన్మకొండలో దవాఖాన. ఆక్సిజన్ పెట్టి, మందు పీల్పించి, మనిషి తేరుకున్నాక డాక్టరమ్మ ఒక గొట్టంలోకి ఊదించింది. ఊదిన లెక్క చూసి పెదవి విరిచింది. కళావతమ్మ దాచడం మానేసింది. గోదాము మెట్టు దగ్గర మొదలైన అబద్ధం నుంచి కలశం దాకా ఒక్కొక్క మాటే, ఆగి ఆగి చెప్పింది. కొడుకు తల దించుకున్నాడు. మానస ఏడ్చింది. వెంకటరాజం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"ముప్పై దాటినకాన్నుంచి ఎవలికైనా ఊపిరితిత్తుల బలం కొంచెం కొంచెం తగ్గుకుంటనే పోతది, అమ్మా" అంది డాక్టరమ్మ. "జుట్టు నెరిసినట్టే, అది రోగం కాదు. కానీ మీ వయసుకు ఉండాల్సిన దాంట్ల మీకు సగమే ఉంది. మిగతా సగం ఆ కారం దుమ్ము, పొగ తిన్నయి. ఇప్పుడు చిన్న జలుబు చేసినా న్యుమోనియాకు పోతది, గుండె మీద పడ్తది. కదలక కూసుంటే ఇంకా తొందరగ పోతది. మందు పీల్చాలె, రోజు మెల్లగ నడవాలె. దుమ్ముల ఉండొద్దు, పొగల ఉండొద్దు." ఆ గొట్టం వెంకటరాజం వైపు తిప్పింది. "మీరు కూడ ఒకసారి ఊదుండ్రి, సార్. ఆ ఇంట్లనే గదా ఉన్నరు."

"నాకేమైంది? గుండురాయి తీర్గ ఉన్న" అని వెంకటరాజం చేతిలోని మోగని ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి పోయాడు.

ఇంటికి తెచ్చేలోపు శ్రీకాంత్ గోదాము ఖాళీ చేయించాడు. మిర్చి అంతా కోల్డ్ స్టోరేజీకి పోయింది, మెట్లన్నీ కడిగించాడు. గిర్ని జోలికి మాత్రం తండ్రి రానివ్వలేదు. "తాతల నాటిది. బంద్ పెడితే బజార్ల మన పేరే ఉండదు. అది కింద తిరుగుతది, ఆమె పైన ఉంటది. తక్లీఫ్ ఏమున్నది?" అన్నాడు.

ఆటో దుకాణం ముందు ఆగేసరికి ప్లాస్టిక్ కుర్చీతో ఇద్దరు హమాలీలు తయారుగా నిలబడి ఉన్నారు.

"కూసో, కళావతీ. వీళ్లు పైకి మోస్తరు" అన్నాడు వెంకటరాజం. గొంతులో నిజంగా ప్రేమ ఉంది. "నీకు అన్నం పైకే, చాయ పైకే. నువ్వు ఇగ ఒక్క మెట్టు కూడ దిగే పని లేదు."

ఆ మాట ఆమె ఇదివరకు విన్నది. అత్తగారి మంచం దగ్గర.

"నేనేమన్న మిర్చి బస్తానా, ఎత్తి పైన ఏసుటానికి?" అంది కళావతమ్మ. ఇన్ని రోజుల తర్వాత బజారులో ఆ గొంతు వినపడింది. సన్నగా ఉంది, మధ్యలో తెగింది, అయినా ఆమె గొంతే. ఎదురుగా విమలమ్మ బట్టల థాను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కళావతమ్మ అరుగు ఎక్కి, మానస భుజం పట్టుకుని, పోయి గల్లా మీద కూర్చుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక గిర్ని గరగరమంటూ తిరుగుతోంది, ఎర్రటి దుమ్ము వెలుతురులో కనపడుతోంది.

"ఈడ కూసుంటే సస్తవు!" వెంకటరాజానికి కోపం నషాళానికంటింది. "దుమ్ముల ఉండొద్దన్నది వినలే?"

"పైన కూసుంటే సస్త. కదలకుంట కూసోవద్దన్నది మీరు వినలే?" ఆమె ఊపిరి కోసం ఆగింది. "పైన మెట్లు. కింద దుమ్ము. నేనేడికి పోవాలె, చెప్పుండ్రి."

శ్రీకాంత్ తండ్రి వైపు చూశాడు. హమాలీలు కుర్చీ పక్కన పెట్టి బీడీ కోసం వీధి చివరికి పోయారు. "మొండిదానివి! పుట్టినకాన్నుంచి మొండిదానివే!" అని వెంకటరాజం చేతులు విదిలించాడు. "ఈడనే ఉండు. నీ దుప్పటి, మెత్త నేనే తెస్త. నువ్వూ, నీ గల్లా!"

"నేను తెస్త ఆగుండ్రి, మామయ్యా" అని మానస ముందుకొచ్చింది. ఆయన వినలేదు, గబగబా మెట్ల వైపు పోయాడు. కోపంలో ఉన్న మనిషి అడుగులు ధనధనా వినపడ్డాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత ఆగాయి.

"బస్తాలు చూస్తాన్న!" అని కేక వచ్చింది.

శ్రీకాంత్ మెట్ల వైపు తిరిగాడు. గోదాములో ఒక్క బస్తా లేదు. నిన్ననే ఊడ్చి కడిగించారు, ఉత్త గోడలున్నాయి. దగ్గరుండి లారీ ఎక్కించింది ఆయనే.

కళావతమ్మకు ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. చల్లారిన అన్నాలు. తడిమి తడిమి చూసుకున్న బస్తాలు. ఇన్నేళ్లుగా రోజూ అదే మెట్టు దగ్గర, తను గోడ పట్టుకున్న ఆ మెట్టు దగ్గరే. తను నవ్వింది, బజారును నవ్వించింది. ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది, దాని వెనకే అంతకన్నా ఎక్కువ జాలి వచ్చి కళ్లు మసకబారాయి.

చెయ్యి చాపి గోడ మీది మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

గిర్ని మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది. కట్టయ్య లోపలి నుంచి తల బయటపెట్టి చూశాడు. ఆ చప్పుడు లేకుండా ఆ దుకాణం ఎట్లా ఉంటుందో పట్టపగలు ఎవరూ విన్నది లేదు. ఇప్పుడు మెట్ల మీది నుంచి ఇంకో చప్పుడు వినపడింది. ఈల లాంటిది. ఆగి ఆగి, బరువుగా, కింది దాకా.

కళావతమ్మ కొంగు తీసి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని గట్టిగా పిలిచింది.

"ఆడ బస్తాల్లేవు! ఇనవడ్తాందా? ఎక్కకుండ్రి, ఆ మెట్టు మీదనే కూసోండ్రి. జర ఊపిరి తీసుకోండ్రి. శ్రీకాంత్ వస్తాండు."